మూలవాగు ఇసుక, బంగాళాఖాతం అడుగు

సముద్రం లేని జిల్లాకూ సముద్రపు అడుగుతో చుట్టరికం ఉంది. వేములవాడ గుట్టల మీద అరిగిన రాయి ఎక్కడిదాకా పోతుందో, అక్కడ ఏమవుతుందో చెప్పే కథనం ఇది.

వేములవాడ నుంచి యానాం దగ్గరి సముద్రానికి పటం మీద తిన్నగా గీత గీస్తే నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. సముద్రం అనగానే ఇక్కడి ఇళ్లల్లో గుర్తుకొచ్చేది విశాఖ బీచిలో దిగిన ఫోటో, లేకుంటే దుబాయి విమానం కిటికీలోంచి చూసిన నీలం రంగు. ఇక సముద్రపు అడుగు సంగతి మనకెందుకు అనిపించడం సహజం. కానీ ఆ అడుగున పరుచుకున్న బురదలో మన గుట్టల రాయి ఉంది, మన చేల మట్టి ఉంది, మన కరువుల చరిత్ర ఉంది. మనం ఇవాళ వాగులో చేస్తున్న పనుల ఫలితం కూడా అక్కడికే చేరుతోంది.

గుట్ట నుంచి వాగులోకి

వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల చుట్టూ కనిపించే గుట్టలు ఎక్కువగా గ్రానైటు, దాని జాతి రాళ్లు. కరీంనగర్ ప్రాంతపు ఈ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అవి ఎంత గట్టివో తెలియాలంటే గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్టకు వెళ్లాలి. వేములవాడ చాళుక్యుల కాలంలో, పదో శతాబ్దంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ చెక్కించిన శాసనాన్ని ఇప్పటికీ చదువుకోగలుగుతున్నాం. వెయ్యేళ్ల ఎండావానల్లో ఆ రాయి అరిగింది అంత తక్కువ. అయితే భూమి లెక్కలో వెయ్యేళ్లు ఒక లెక్క కాదు. లక్షల ఏళ్లు గడిచేసరికి గుట్ట పొరలు పొరలుగా ఊడుతుంది, బండలు గుండ్రాళ్లవుతాయి, గుండ్రాళ్లు కంకరవుతాయి.

గ్రానైటులో ముఖ్యంగా ఉండేవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం. వాననీళ్లు తగిలితే ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టిగా మారుతుంది. అభ్రకం పలుచని రేకులుగా విడిపోతుంది. పలుగురాయి మాత్రం లొంగదు, రేణువులుగా మిగులుతుంది. వాగులో మనం ఇసుక అంటున్నది చాలావరకు అదే. ఇసుక వాగు అడుగున దొర్లుతూ, ఆగుతూ, వరద వచ్చినప్పుడే కదులుతుంది. బంకమట్టి నీళ్లలో కలిసి తేలుతూ ముందే వెళ్లిపోతుంది.

వేములవాడ దగ్గర పారే మూలవాగు మానేరు నదిలో కలుస్తుంది. మానేరు కరీంనగర్ మీదుగా పారి, మంథని దాటాక గోదావరిలో పడుతుంది. జగిత్యాల, కోరుట్ల వైపు వాననీరు ధర్మపురి చుట్టుపక్కల నేరుగా గోదావరిని చేరుతుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత తోడవుతుంది. తర్వాత భద్రాచలం, పాపికొండలు, దవళేశ్వరం, అక్కడి నుంచి గౌతమి, వశిష్ఠ పాయలు, ఆపైన సముద్రం. నాసిక్ దగ్గర పుట్టిన గోదావరి నడిచే దూరం 1,465 కిలోమీటర్లు. దాని పరీవాహకం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే.

ఈ దారి నది కొత్తగా తొలుచుకున్నది కాదు. మంథని నుంచి భద్రాచలం వైపు గోదావరి పారేది భూమి చాలా పూర్వం చీలి కుంగిన లోయ మీద. సింగరేణి బొగ్గు పడింది ఆ లోయలోనే. ఇంకా వెనక్కి పోతే, వంద కోట్ల ఏళ్లకు పూర్వం ఇదే ప్రాంతంలో సముద్రం ఉండేది. రామగుండం పక్కన బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వెలసింది ఆ సముద్రపు అడుగున పేరుకున్న సున్నపురాయి ఉందనే. అంటే సముద్రపు అడుగును చూడాలనుకునే వేములవాడ బడిపిల్లలు ఓడ ఎక్కనక్కర్లేదు. బస్సులో రామగుండం దాకా పోతే చాలు.

ఇదే దిక్కుగా ఒకప్పుడు నిప్పు కూడా పారింది. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పొంగిన లావా పాత నదీలోయలు పట్టుకుని తూర్పు తీరం దాకా వెళ్లి, రాజమండ్రి దగ్గర గట్టిపడింది. కోనసీమలో చమురు కోసం లోతుగా తవ్విన బావుల్లోనూ ఆ నల్లరాయి తగిలింది. భూమ్మీద అంత దూరం పారిన లావా ఇంకెక్కడా లేదని కొందరు భూవిజ్ఞానుల అంచనా.

నీటి కింది నేల ఎలా ఉంటుంది

బడి పుస్తకాల్లో చదివిన మాటలు గుర్తు చేసుకుందాం. ఒడ్డు నుంచి కొంత దూరం ఖండతీరపు అంచు, లోతు సాధారణంగా రెండు వందల మీటర్ల లోపు. తర్వాత ఖండతీరపు వాలు, అక్కడ నేల వేల మీటర్ల లోతుకు దిగుతుంది. ఆ కింద విశాలమైన మైదానం. గోదావరి డెల్టా ముందు ఈ అంచు చాలా సన్నం. ఒడ్డు విడిచిన కొన్ని పదుల కిలోమీటర్లకే వాలు మొదలవుతుంది. కాబట్టి నది తెచ్చిన ఒండ్రు లోతుకు చేరడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

మంచినీరు ఉప్పునీటిలో కలవగానే తేలుతున్న బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి దిగిపోతాయి. అలా పేరుకున్న మేట ఎప్పుడో ఒక తుపానుకో, భూకంపానికో, తన బరువుకు తానో జారుతుంది. బురద, ఇసుక కలిసిన నీరు చుట్టూ ఉన్న నీటికంటే బరువు కాబట్టి సముద్రం కింద అదో నదిలా పరుగెడుతుంది. 1929 నవంబరులో కెనడా తూర్పు తీరంలో భూకంపం వచ్చాక అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలు ఒకదాని తర్వాత ఒకటి గంటల తేడాతో తెగిపోయాయి. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక గానీ శాస్త్రవేత్తలు దాని కారణం తేల్చలేదు. తీగలను తెంచింది వాలు మీదుగా దూసుకొచ్చిన బురద ప్రవాహం.

అలాంటి ప్రవాహాలు వాలును కోసి లోయలు చేస్తాయి. మన తీరంలోనూ ఉన్నాయి. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేశారు. తూర్పు తీరపు వాలు మీద ఉన్న మూడు లోయలను వర్ణిస్తూ 1964లో ఆయన వ్యాసం ప్రచురించారు. వాటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖకు పేరు తెచ్చిన కలమూర్ మహదేవన్, విశాఖ వెళ్లకముందు నిజాం ప్రభుత్వపు హైదరాబాద్ భూవిజ్ఞాన సర్వేలో పనిచేశారు. తెలంగాణ రాళ్లు ఎరిగిన ఆ మనిషి పేరు సముద్రం కింద ఒక లోయకు నిలిచి ఉండటం మనం గర్వపడాల్సిన సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక పాఠం ఉండాలి.

వాలు దిగితే వచ్చేది బెంగాల్ ఫ్యాన్. గంగ, బ్రహ్మపుత్ర హిమాలయాలను కోసి తెచ్చిన మట్టితో, పడమటి పక్కన మహానది, గోదావరి, కృష్ణల మట్టితో పేరుకున్న ఒండ్రు తిన్నె అది. ప్రపంచంలో సముద్రం కింద ఇంతకంటే పెద్దది లేదు. బంగ్లాదేశ్ తీరం నుంచి శ్రీలంకను దాటి భూమధ్యరేఖకు దక్షిణం దాకా, దాదాపు మూడు వేల కిలోమీటర్ల పొడవు. ఉత్తరాన మందం పదహారు కిలోమీటర్లు దాటుతుందని అంచనా. ఎవరెస్టు ఎత్తుకు ఇది ఇంచుమించు రెట్టింపు.

బురదలో మన కరువులు

ఈ కథనం రాయాలనిపించడానికి కారణం ఒక బురద కమ్మీ. 2006లో భారత ప్రభుత్వపు గ్యాస్ హైడ్రేట్ల కార్యక్రమం కింద జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ కృష్ణా గోదావరి తీరానికి వచ్చింది. గోదావరి ముఖద్వారం ముందు 1,268 మీటర్ల నీటి కింద నుంచి తీసిన ఒక నమూనాలో పైభాగం, సుమారు ఎనిమిదిన్నర మీటర్ల బురద, గత పది పదకొండు వేల ఏళ్లలో పేరుకున్నది. కింది పొర పాతది, పై పొర కొత్తది. మధ్యలో ఏ కాలం ఎలా గడిచిందో రాసుకున్న రికార్డు అనుకోండి.

అందులో ఏం వెతికారు? ఆకుల మీద ఉండే మైనం. చెట్టు ఆకుకైనా గడ్డిపోచకైనా పైన సన్నటి మైనపు పొర ఉంటుంది. ఆకు కుళ్లినా మైనం తొందరగా పాడవదు. మట్టితో కొట్టుకుపోయి సముద్రం చేరుతుంది. తడినేలల చెట్ల మైనంలోని కార్బన్ ఒక రకంగా ఉంటే, ఎండను తట్టుకునే గడ్డి జాతుల మైనంలో మరో రకంగా ఉంటుంది. జొన్న, సజ్జ ఈ రెండో రకానికి చెందినవే. కాబట్టి ఏ పొరలో ఏ రకం మైనం ఎక్కువుందో చూస్తే ఆ కాలంలో గోదావరి పరీవాహకం పచ్చగా ఉందా ఎండిందా తెలుస్తుంది.

ఆ నమూనాను పరిశీలించిన శాస్త్రవేత్తలు కామిలో పాంటన్, లివియు జోసాన్ బృందం 2012లో ప్రకటించిన ఫలితం ఇది. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి నుంచి ఈ నేల ఎండుతూ వచ్చింది. సుమారు 1,700 ఏళ్ల కిందటి నుంచి ఆ ఎండు మరింత ముదిరింది. వాతావరణం కాలక్రమంలో మన వైపు వానను తగ్గిస్తూ వచ్చింది, కరువుకు తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయి. నైజాం కాలం కరువుల గురించి, మొన్నటి వలసల గురించి మనకు తెలుసు. వాటి వెనక ఇంత పొడవైన చరిత్ర ఉందని చెప్పింది సముద్రపు బురదే.

ఆ లెక్క చూశాక నాకొక ఆలోచన వచ్చింది. ఇది నా ఆలోచనే, ఆ శాస్త్రవేత్తలది కాదు. వేములవాడ చాళుక్యుల కాలం, తర్వాత కాకతీయుల కాలం ఆ ఎండు ముదిరిన యుగంలోనే పడతాయి. ఊరూరా చెరువు కట్టడం, గొలుసుకట్టుగా ఒక చెరువు అలుగు నీళ్లను మరో చెరువుకు అందించడం ఆ కాలపు రాజుల ధర్మబుద్ధి వల్లనే జరిగిందనుకుంటాం. వాన నమ్మదగ్గది కాదని ఆ తరాలు కళ్లారా చూసి నేర్చుకున్న పాఠం కూడా అందులో ఉండి ఉంటుంది.

అదే నమూనా మీద 2017లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో మాట చెప్పింది. వాన తగ్గి నేల మీద పచ్చదనం పలుచబడిన కొద్దీ మట్టి కోత పెరిగింది. దక్కనులో సాగు మొదలై, ఇనుప యుగంలో అది విస్తరించాక కోత ఇంకా ఎక్కువైంది. మట్టిలోని మూలకాల గుర్తులను బట్టి ఏ పొరలో దక్కను నల్లరాతి నేలల వాటా ఎంతో, మనలాంటి గ్రానైటు ప్రాంతాల వాటా ఎంతో కూడా వాళ్లు విడదీసి చూడగలిగారు. అడవి నరికి చేను చేసినవాడి నాగలి చాళ్లు సముద్రం అడుగున నమోదై ఉన్నాయి.

ఆ ఓడ అసలు వచ్చింది మీథేన్ కోసం. నది తెచ్చిన ఆకు అలము బురదలో పూడుకుపోతే సూక్ష్మజీవులు దాన్ని మీథేన్ చేస్తాయి. చలీ, ఒత్తిడీ ఎక్కువగా ఉండే ఆ లోతులో మీథేన్ నీటితో కలిసి మంచులా గడ్డకడుతుంది. నిప్పు పెడితే మండే మంచు అది. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఒక చోట అది ఉన్న పొర దాదాపు 130 మీటర్ల మందం తేలింది. దాన్ని వెలికితీసి వాడుకునే దారి ఇంకా తేలలేదు.

రాయి పాతది, సముద్రపు అడుగు కొత్తది

సముద్రం అనాదిగా ఉందనుకుంటాం. నీటి మాటేమో గానీ, దాని అడుగున ఉన్న రాయి చాలా చిన్నది. ఇవాళ మహాసముద్రాల అడుగున ఎక్కడ వెతికినా వయసు దాదాపు ఇరవై కోట్ల ఏళ్ల లోపే. వేములవాడ గుట్టల ముందు అది పసిబిడ్డ. కారణం, సముద్రపు అడుగు ఒక చోట పుడుతూ, మరో చోట భూమిలోకి దిగిపోతూ ఉంటుంది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారతదేశం, అంటార్కిటికా విడిపోయినప్పుడు మధ్యలో పుట్టిన నేలే బంగాళాఖాతపు అడుగు. మన తూర్పు తీరం ఒకప్పుడు అంటార్కిటికాకు ఆనుకుని ఉండేది.

సముద్రపు అడుగు ఇలా కొత్తగా పుడుతుందన్న సంగతి రుజువు కావడంలో హిందూ మహాసముద్రానికి పెద్ద పాత్ర ఉంది. అరేబియా సముద్రం కింద కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అనే పర్వతశ్రేణి ఉంది. భూమి అక్కడ చీలి, లోపలి నుంచి లావా పైకొచ్చి గట్టిపడుతుంది. గట్టిపడే వేళ ఆనాటి భూ అయస్కాంతపు దిశ ఆ రాతిలో నిలిచిపోతుంది. ఆ దిశ లక్షల ఏళ్లకోసారి తిరగబడుతుంది. కాబట్టి చీలికకు రెండు వైపులా రాతి పట్టీలు సిరిసిల్ల మగ్గం మీద నేసిన చారల బట్టలాగా వరుసగా వస్తాయి, ఎడమన ఉన్న వరుసే కుడినా ఉంటుంది. బ్రిటిష్ ఓడ ఓవెన్ 1962లో ఆ రిడ్జ్ మీద తీసిన కొలతలను ఆధారం చేసుకుని ఫ్రెడ్ వైన్, డ్రమ్మండ్ మాథ్యూస్ 1963లో ఈ వివరణ ఇచ్చారు. ఖండాలు కదులుతాయన్న మాటను ప్రపంచం నమ్మడానికి అది బలమైన ఆధారమైంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. వాళ్లు దాటే అరేబియా సముద్రం అడుగున సింధు నది పోసిన ఒండ్రు తిన్నె పరుచుకుని ఉంది. వాళ్లు పనిచేసే చోటున్న గల్ఫ్ సముద్రం మాత్రం లోతు లేనిది. ఎక్కువలో ఎక్కువ తొంభై మీటర్లు. ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కింద ఉన్నప్పుడు గల్ఫ్ మొత్తం పొడినేల. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నీళ్లు హోర్ముజ్ దాకా నేల మీదే పారేవి.

రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసే కొడుకు మాట కూడా చాలావరకు సముద్రపు అడుగున వేసిన కేబుళ్ల మీదుగానే వస్తుంది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగితే గల్ఫ్‌లోనూ మన దేశంలోనూ ఇంటర్నెట్ నెమ్మదించింది.

అడుగు కదిలిన రోజు

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా నుంచి అండమాన్ల దాకా దాదాపు 1,300 కిలోమీటర్ల మేర సముద్రపు అడుగు చీలి పైకి లేచింది. అడుగు లేస్తే పైనున్న నీళ్లన్నీ లేస్తాయి. ఆ నీళ్లే సునామీ. పద్నాలుగు దేశాల్లో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు. మన కోస్తా జిల్లాల్లోనూ వంద మందికి పైగా పోయారు. హెచ్చరించే ఏర్పాటు అప్పుడు హిందూ మహాసముద్రానికి లేదు.

ఆ ఏర్పాటు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంది. ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్)లో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. సముద్రపు అడుగున ఉంచిన పరికరాలు నీటి ఒత్తిడిలో తేడాను కొలిచి పైనున్న తేలుడు యంత్రానికి పంపుతాయి, అక్కడి నుంచి ఉపగ్రహం మీదుగా హైదరాబాద్‌కు చేరుతుంది. హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు మండే మంచు పొరలను వెతికే పనిలో ముందున్నారు. తెలంగాణకు తీరం లేకపోయినా సముద్రపు అడుగును చదివే సంస్థలు తెలంగాణలోనే ఉన్నాయి. మన పిల్లలు ఇంజినీరింగ్ కాకుండా ఇంకేం చదవాలని అడిగే తల్లిదండ్రులు భూభౌతిక శాస్త్రం, సముద్ర శాస్త్రం గురించి ఒకసారి ఆలోచించాలి. ప్రపంచ సముద్రాల అడుగులో ఇప్పటిదాకా సరిగ్గా కొలిచి పటం గీసింది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. మిగతాదంతా చేయాల్సిన పని.

ఆగిపోయిన ఇసుక

మళ్లీ మూలవాగు దగ్గరికి వద్దాం. అది మానేరును కలిసే చోట, మాన్వాడ దగ్గర, ఇప్పుడు మిడ్‌మానేరు కట్ట ఉంది. దానికి ఎగువన నర్మాలలో నైజాం కాలపు ఎగువ మానేరు, దిగువన కరీంనగర్‌లో లోయర్ మానేరు. గోదావరి మీద శ్రీరాంసాగర్, కాళేశ్వరం బ్యారేజీలు, ఇంకా దిగువన కట్టుబడిలో ఉన్న పోలవరం. ఈ ప్రాజెక్టుల అవసరాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఎండిన బావుల పక్కన పెరిగిన ఊళ్లకు నీళ్లు వచ్చాయి. అందుకోసం రుద్రవరం, చింతల్‌ఠాణా లాంటి ఊళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదులుకున్నాయి. కానీ కట్ట నీటితోపాటు ఇసుకనూ ఆపుతుంది. నీళ్లు గేట్లు ఎత్తితే పోతాయి, అడుగున దొర్లే ఇసుక పోదు.

దాని ఫలితం దిగువన కనిపిస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1971-79 మధ్య గోదావరి ఏటా సగటున మోసుకెళ్లిన ఒండ్రు 15 కోట్ల టన్నులు. 1990-98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మూడింట రెండు వంతులకు దగ్గరగా ఆగిపోయింది. 1976 నుంచి 2001 దాకా డెల్టా తీరం నికరంగా పద్దెనిమిది వందల హెక్టార్లకు పైగా కోల్పోయింది. డెల్టా నేల తన బరువుకు తాను కుంగుతూ ఉంటుంది. ఏటా కొత్త ఒండ్రు పడితేనే సముద్రానికి ఎదురు నిలుస్తుంది. పడకపోతే మడ అడవులు, కొబ్బరితోటలు, జాలరి ఇళ్లు సముద్రంలో కలుస్తాయి.

వేల ఏళ్లు మనిషి సాగు వల్ల సముద్రపు అడుగుకు పోయే మట్టి పెరుగుతూ వచ్చింది. ఒక్క తరంలో మన కట్టల వల్ల అది తగ్గిపోయింది. ఈ రెండు మార్పులూ ఆ బురద పొరల్లో పక్కపక్కన నమోదవుతాయి.

కట్టలను ఇప్పుడు కాదనలేం. కానీ కట్టకు పైన, కింద, వాగులో మిగిలిన ఇసుకను లారీలకెత్తడం మాత్రం మన చేతిలో ఉన్న పని. మానేరు, మూలవాగు ఇసుక ఎత్తిన చోటల్లా పక్కనున్న బావుల్లో నీటిమట్టం దిగుతుంది. వాననీటిని పట్టి నేలలోకి ఇంకించేది ఆ ఇసుకే. అంటే ఎగువన రైతుకూ, దిగువన కోనసీమ జాలరికీ నష్టం ఒకే తవ్వకం నుంచి వస్తోంది. మిడ్‌మానేరు, లోయర్ మానేరుల్లో పూడిక ఎంత చేరిందో కొలిచి, ఆ అంకెలను నీటిమట్టం ప్రకటించినట్టే జనానికి ప్రకటించాలి.

మీ ఊరి గ్రామసభలో ఇసుక రీచ్ మాట వస్తే రెండు ప్రశ్నలు అడగండి. ఈ వాగులో ఏటా కొత్తగా చేరే ఇసుక ఎంత? తీయబోయేది ఎంత? ఈ రెండు అంకెలూ కాగితం మీద చూపించనిదే సంతకం పెట్టకండి.